యెమీమా: పేరు దక్కిన కుమార్తె, పాలు దక్కిన కుమార్తె



ఈ నెల పేరును నేను ఎన్నుకోలేదు. కృష్ణా తీరమున ఉన్న ఒక పల్లె నుండి ఒక సహోదరి వ్రాసిన ఉత్తరము దానిని తెచ్చిపెట్టింది. ఆమె ఇలా వ్రాశారు: “మా అబ్బాయికి రెండవసారి కూడా ఆడపిల్లే పుట్టింది. పాస్టరుగారు ప్రార్థన చేసి, బైబిలు తెరచి, యెమీమా అని పేరు పెట్టారు. మా వియ్యపురాలు ‘ఇదేమి పేరు వదినగారూ, నోరు తిరగదు, పిలిస్తే నలుగురూ నవ్వుతారు’ అంటున్నారు. పట్నములో ఉండే మా మరిది ‘అది యెమీమా కాదు, జెమీమా’ అంటున్నాడు. ఇంతకీ దీని అర్థమేమిటి? ఉంచమంటారా, మార్చమంటారా?”

ఉత్తరము చివర ఇంకొక మాట ఉంది. “మూడోసారైనా మగపిల్లవాడు పుట్టాలని ప్రార్థన చేయండి” అని. ఈ మాటకు జవాబు చివర చెప్తాను. ముందు పేరు సంగతి చూద్దాము.

బైబిలులో ఒకే ఒక్క చోట

యెమీమా అనే పేరు పరిశుద్ధ గ్రంథమంతటిలో ఒక్కసారే వస్తుంది. యోబు గ్రంథము 42వ అధ్యాయము 14వ వచనము తీసి చూడండి. యోబు శ్రమలన్నీ తీరిన తరువాత, దేవుడు ఆయనకు మరల ఏడుగురు కుమారులను, ముగ్గురు కుమార్తెలను అనుగ్రహించాడు. ఆ ముగ్గురిలో పెద్దది యెమీమా. రెండవది కెజీయా. మూడవది కెరెంహప్పుకు.

యెమీమాయా, జెమీమాయా అన్న సందేహము సులభముగా తీరుతుంది. హెబ్రీ భాషలో ఈ పేరు ‘య’ శబ్దముతో మొదలవుతుంది. ఇంగ్లీషువారు ఆ అక్షరమును ‘జె’గా వ్రాసి, ‘జ’గా పలికారు. మన తెలుగు బైబిలు మూలభాషకు దగ్గరగా నిలిచింది. మనము యాకోబు అంటే వారు జేకబ్ అంటారు. మనము యిర్మీయా అంటే వారు జెరెమియా అంటారు. మన యోబుగారు వారికి జాబ్. కాబట్టి యెమీమా, జెమీమా రెండూ ఒకే పేరు. మీ మరిదిగారిదీ తప్పు కాదు, మీ పాస్టరుగారిదీ తప్పు కాదు.

అయితే ఒక సలహా. రెండింటిలో ఒకదానిని ఇప్పుడే నిర్ణయించుకొని, జనన ధ్రువీకరణ పత్రములోను, ఆధార్‌లోను, బడిలోను ఒకే విధముగా వ్రాయించండి. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన పిల్లలకు బడిలో చేర్చుటకు, పాస్‌పోర్టుకు, ఓటుకు జనన ధ్రువీకరణ పత్రమే పుట్టిన తేదీకి ఆధారమని చట్టము వచ్చింది. పుట్టిన 21 రోజులలోగా నమోదు చేయించాలి. అప్పటికి పేరు పెట్టకపోయినా ఏడాదిలోపు రుసుము లేకుండ పేరు చేర్పించుకోవచ్చు. ఒక్క అక్షరము తేడా వస్తే, రేపు ఆ పిల్ల ఎన్ని కార్యాలయముల మెట్లు ఎక్కాలో మీకు తెలియనిది కాదు.

గువ్వయా, పగలా?

ఇక భావము. దీనిని పెద్దలు రెండు విధములుగా చెప్పారు.

మొదటిది గువ్వ, అనగా పావురము. హెబ్రీ భాషలో పావురమునకు మామూలుగా వాడే మాట వేరు. ఆ మాటే ‘యోనా’. నీనెవెకు వెళ్లనని ఓడ ఎక్కిన ప్రవక్త పేరు అదే. అయితే హెబ్రీకి చెల్లెలి వంటి అరబ్బీ భాషలో ‘యమామ’ అంటే గువ్వ. యోబు నివసించినది ఊజు దేశము. విలాపవాక్యములు 4:21 చదివితే ఊజుకు ఎదోమువారితో సంబంధము కనబడుతుంది. అది ఇశ్రాయేలుకు వెలుపల, అరబ్బు ఎడారి వైపున ఉన్న ప్రాంతము. అటువంటి చోట పుట్టిన బిడ్డకు అటువైపు మాటలోని పేరు పెట్టడము సహజమే. కాబట్టి నేటి పండితులలో ఎక్కువమంది ‘గువ్వ’ అనే అర్థమునే ఒప్పుకుంటారు.

రెండవది పగలు. క్రీస్తుకు పూర్వమే పాత నిబంధనను గ్రీకు భాషలోనికి మార్చినవారు యెమీమా అనే చోట ‘పగలు’ అని అర్థమిచ్చే మాట వ్రాశారు. హెబ్రీలో దినమును ‘యోమ్’ అంటారు గనుక, పేరు అందులోనుండి వచ్చినదని వారు తలచారు. దాదాపు 1600 సంవత్సరముల క్రిందట బైబిలును లాటిను భాషలోనికి తెచ్చిన జెరోము కూడా అలాగే వ్రాశాడు.

భాషను బట్టి గువ్వ అన్నదే సరియైనదిగా తోస్తుంది. కాని యోబు కథ చదివినవారికి రెండవ అర్థము కూడా మనసుకు హత్తుకుంటుంది. తాను పుట్టిన దినమునే శపించుకున్న మనిషి ఆయన (యోబు 3వ అధ్యాయము). ఆ దినము చీకటి కావాలని కోరుకున్నాడు. అటువంటివాని ఒడిలో మరల ఒక పసిపాప కళ్లు తెరిస్తే, “ఇదిగో తెల్లవారింది” అనిపించదా?

గువ్వను గురించి కూడా ఒక మాట. గొర్రెపిల్లను తేలేని బీద తల్లి రెండు గువ్వలను తెస్తే చాలునని ధర్మశాస్త్రము చెప్పింది (లేవీయకాండము 12:8). మరియ, యోసేపులు బాలయేసును దేవాలయమునకు తెచ్చినప్పుడు అర్పించినది ఆ బీదవారి అర్పణే (లూకా 2:24). గువ్వ పేరు బీద ఇంటికి చిన్నతనము కాదు.

మువ్వురు అక్కచెల్లెండ్రు

చెల్లెండ్ర పేర్లు కూడా ముచ్చటైనవే. కెజీయా అంటే మన బైబిలు 45వ కీర్తనలో లవంగిపట్ట అని చెప్పిన సువాసన చెక్క. మన అంగళ్లలో దాల్చినచెక్క పేరుతో దొరికేది చాలావరకు ఈ జాతి చెక్కే. మూడవ కుమార్తె పేరుకు ‘కాటుక కొమ్ము’ అని అర్థము. పూర్వము కాటుకను చిన్న కొమ్ములో నింపి దాచుకొనేవారు. మన ఇళ్లలో కాటుక బరిణె వంటిది.

గువ్వ, లవంగిపట్ట, కాటుక బరిణె. ఈ పేర్లు పెట్టిన తండ్రి ఎవరో మరువకండి. ఒంటినిండ కురుపులతో బూడిదలో కూర్చుండి, చిల్లపెంకుతో గోకుకున్న మనిషి. తన పది మంది బిడ్డలను ఒక్క దినమున పోగొట్టుకున్న మనిషి. అటువంటివాడు కుమార్తెలకు పేర్లు పెట్టేటప్పుడు తన దుఃఖమును గుర్తుచేసే పేరు పెట్టలేదు. కంటికి ఇంపైనది, ముక్కుకు ఇంపైనది, చెవికి ఇంపైనది ఏరి ఏరి పెట్టాడు. ఆడపిల్ల తన కంటికి ఎలా కనబడిందో ఆ పేర్లే చెప్తున్నాయి.

ఇంకొకటి గమనించారా? ఆస్తి అంతా రెండింతలైంది. 7,000 గొర్రెలు పోయిన చోట 14,000 వచ్చాయి. 3,000 ఒంటెలకు 6,000 వచ్చాయి. ఎడ్లు, గాడిదలు కూడా అంతే. బిడ్డలు మాత్రము మరల పదిమందే. మొదటి పదిమంది దేవుని సన్నిధిలో ఉన్నారు గనుక, లెక్కకు ఇప్పుడు ఇరవైమంది అని మన బోధకులు చాలామంది చెప్తారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ మాటలోని ఆదరణ తెలుసు. మరల పుట్టిన బిడ్డ పోయిన బిడ్డకు బదులు కాదని కూడా ఆమెకు తెలుసు.

పేరు చేసిన ప్రయాణము

ఇంగ్లండులో పాత నిబంధన పేర్లను ప్రేమించిన ప్యూరిటను భక్తుల కాలము నుండి జెమీమా అనే పేరు ఇళ్లలో వినబడసాగింది. 1908లో బియాట్రిక్స్ పాటర్ అనే రచయిత్రి జెమీమా అనే బాతు కథ వ్రాస్తే ఆ పేరు పిల్లలకు ముద్దుపేరయింది.

అమెరికాలో మాత్రము ఈ పేరుకు ఒక అవమానము జరిగింది. 1889లో అట్ల పిండి అమ్మే ఒక వ్యాపారమునకు ‘ఆంట్ జెమీమా’ అని పేరు పెట్టి, తెల్లవారి వంటింట్లో నవ్వుతూ ఊడిగము చేసే నల్లజాతి స్త్రీ బొమ్మ వేశారు. బానిసత్వమును ముచ్చటగా చూపే ఆ బొమ్మ నూరేళ్లకు పైగా పొట్లాల మీద నిలిచింది. ఆ బొమ్మను, పేరును తీసివేస్తామని 2020లో ప్రకటించి, 2021లో మార్చారు. ఒక తండ్రి స్వాస్థ్యమిచ్చిన కుమార్తె పేరును లోకము దాసి పేరుగా మార్చింది.

మన దేశములో ఈ పేరు ఇటీవల ఇంటింటా వినబడింది. 2025 అక్టోబరు 30న నవీ ముంబయిలో మహిళల క్రికెట్ ప్రపంచకప్పు సెమీఫైనలు జరిగింది. ఆస్ట్రేలియా మీద 339 పరుగులు కావలసి ఉండగా, జెమీమా రోడ్రిగ్స్ 127 పరుగులు చేసి, ఔటు కాకుండ నిలిచి, జట్టును గెలిపించింది. కన్నీళ్లతో, ఇది నా ఒక్కదాని వలన కాలేదని యేసుకు కృతజ్ఞత చెప్పింది. నవంబరు 2న మన జట్టు కప్పు గెలిచింది. కాబట్టి వియ్యపురాలుగారితో చెప్పండి: ఈ పేరును దేశమంతా పలికింది, ఎవరి నోరూ తిరగకుండ పోలేదు.

అసలు విషయము

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచినది ఇది. యోబు 42వ అధ్యాయములో ఏడుగురు కుమారులలో ఒక్కరి పేరు కూడా లేదు. ముగ్గురు కుమార్తెల పేర్లూ ఉన్నాయి. బైబిలు వంశావళులలో సాధారణముగా కుమారుల పేర్లే ఉంటాయని మీకు తెలుసు. ఇక్కడ అది తారుమారైంది.

ఆ తరువాతి వచనము ఇంకా ఆశ్చర్యము. వారి తండ్రి వారి సహోదరులతోపాటు వారికి స్వాస్థ్యము ఇచ్చాడని 15వ వచనము చెప్తుంది. సెలోపెహాదు కుమార్తెలు మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సాల సంగతి సంఖ్యాకాండము 27వ అధ్యాయములో చదువుతాము. వారికి అన్నదమ్ములు లేరు గనుక తండ్రి భూమి వారికి వచ్చింది. యెమీమాకు ఒకరు కాదు, ఏడుగురు సహోదరులున్నారు. అయినా తండ్రి పాలు పెట్టాడు. ఎవరూ అడగలేదు, ఏ తీర్పూ రాలేదు. తండ్రి బ్రతికి ఉండగానే చేశాడు.

బైబిలులో చేరని ‘యోబు నిబంధన’ అనే ప్రాచీన గ్రంథమొకటి ఉంది. అందులో కథ మారిపోయింది. ఆస్తి అంతా యోబు కుమారులకే పంచాడట. కుమార్తెలు “మాకు లేదా నాయనా” అని అడిగితే, వారికి పరలోక సంబంధమైన మూడు పట్టెడలు ఇచ్చాడట. కొడుకులకు భూమి, కూతుళ్లకు ఆశీర్వాదము! ఈ పంపకము మన ఊళ్లలో ఎవరూ చెప్పనక్కరలేకుండనే జరుగుతున్నది. లేఖనములో ఉన్న పంపకము మాత్రము అది కాదు.

మన చట్టము కూడా స్పష్టముగానే ఉంది. 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము, క్రైస్తవుడు వీలునామా వ్రాయకుండ చనిపోతే భార్యకు మూడవ వంతు, మిగిలినది పిల్లలందరికీ సమానము. కొడుకని, కూతురని, పెండ్లి అయినదని, కానిదని భేదము లేదు. కేరళలోని తిరువాన్కూరు ప్రాంతములో 1916 నాటి పాత శాసనము వేరుగా ఉండేది. కుమార్తెకు కొడుకు వాటాలో నాలుగవ వంతు గాని, 5,000 రూపాయలు గాని, ఏది తక్కువైతే అది. మేరీ రాయ్ అనే క్రైస్తవ సోదరి సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. 1986 ఫిబ్రవరిలో, అక్కడ కూడా 1925 చట్టమే వర్తిస్తుందని తీర్పు వచ్చింది.

హిందూ వారసత్వ చట్టము క్రిందకు వచ్చే కుటుంబాలకు ఆంధ్రప్రదేశ్‌లో 1986లో చేసిన సవరణ, అప్పటికి పెండ్లికాని కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానమైన హక్కునిచ్చింది. 2005లో దేశమంతటికీ కుమార్తెలకు ఆ హక్కు వచ్చింది. కాబట్టి కాగితము మీద మన ఇల్లు ఏ చట్టము క్రిందకు వచ్చినా, కుమార్తెను త్రోసివేయమని చెప్పే చట్టము లేదు.

“కట్నము ఇచ్చాము కదా, పసుపు కుంకుమల క్రింద ఇచ్చాము కదా” అంటారు. ఆమె పేర వ్రాసి ఇచ్చిన పొలము ఉంటే అది వేరు. కాని కట్నము ఆమెకు ఇవ్వలేదు, అత్తవారికి ఇచ్చాము. పైగా 1961 నుండి అది నేరము. నేరము చేసి ఇచ్చినదానిని చూపించి, న్యాయముగా ఇవ్వవలసినదానిని ఎగవేయడము క్రైస్తవునికి తగునా?

మా ఇంటి మాట

ఇతరులకు బోధించి నేను తప్పించుకోలేను. మా నాన్నగారు చనిపోయినప్పుడు మూడెకరాల మాగాణి ఉంది. అమ్మ అంతకు ముందే ప్రభువునొద్దకు వెళ్లింది. మా అన్నయ్య, నేను, మధ్యలో అక్క. ఆదరణ కూడిక ముగిసి బంధువులు భోజనాలు చేస్తుండగా, ఒక పెద్దమనిషి హక్కు విడుదల కాగితము తెచ్చాడు. అక్క చదువుకోలేదు. “తమ్ముడు, అన్న బాగుంటే చాలు” అని వ్రేలిముద్ర వేసి, ఆ సిరా పైట కొంగుకు తుడుచుకుంది. నేను అప్పటికే చదువుకున్నవాడిని. అందులో ఏమి వ్రాసి ఉందో నాకు తెలుసు. నేను నోరు విప్పలేదు.

కొన్నేళ్లకు బావగారు పోయారు. అక్క కూలికి వెళ్లసాగింది. ఒక క్రిస్మస్‌కు మా ఇంటికి వచ్చినప్పుడు కుటుంబ ప్రార్థనలో వరుసగా చదువుతూ యోబు చివరి అధ్యాయమునకు వచ్చాము. మా అమ్మాయి చదివింది. అంతా విని అక్క, “యోబుగారి కూతుళ్లు అదృష్టవంతులురా తమ్ముడూ” అంది. ఆ మాటలో నిష్ఠూరము లేదు. అందుకే నేను ఆ రాత్రి ప్రార్థన ముగించలేకపోయాను.

లెక్క కష్టమైనది కాదు. మూడెకరాలు, ముగ్గురు బిడ్డలు. నా దగ్గర ఉన్న ఎకరంన్నరలో అరఎకరము అక్కది. ఆ వేసవిలో దాన సెటిల్‌మెంటు దస్తావేజు వ్రాయించి రిజిస్ట్రీ చేయించాను. కాగితములో దానము అని వ్రాశారు. నిజానికి అది దానము కాదు, బాకీ. “నాకెందుకురా” అంటూనే అక్క ఆ కాగితము బైబిలులో పెట్టుకుంది. మిగిలిన అరఎకరము సంగతి మా ఇంట్లో ఇంకా తేలలేదు. తేలాలని ప్రార్థిస్తున్నాను.

ఆ సహోదరికి జవాబు

అమ్మా, పేరు మార్చకండి. ఇంట్లో ముద్దుగా ‘గువ్వా’ అని పిలుచుకోండి. ఎవరైనా నవ్వితే యోబు 42వ అధ్యాయము చదివి వినిపించండి.

మీ ఉత్తరము చివరనున్న ప్రార్థన మనవి గురించి. మగబిడ్డ కావాలని కోరుకోవడము పాపమని నేను అనను. కాని 2011 జనాభా లెక్కలలో, ఆరేళ్లలోపు మగపిల్లలు వెయ్యిమంది ఉన్న చోట ఆడపిల్లలు 920 మంది కూడా లేరు. గర్భములో బిడ్డ ఆడో మగో చెప్పడము 1994 చట్టము ప్రకారము నేరమైనా ఆ లెక్క అలా ఉంది. ఆ లోటు మన నిట్టూర్పులతోనే మొదలవుతుంది. “మరల ఆడపిల్లేనా” అన్న మాట పాలిస్తున్న మీ కోడలి చెవిన పడకుండ చూడండి. నేను ప్రార్థన తప్పక చేస్తాను. ఆ ఇద్దరు పిల్లల కొరకు, వారి తల్లి బలము కొరకు చేస్తాను.

పేరు పెట్టడము సగము పనే. మీ అబ్బాయితో చెప్పండి. ఆ పేరు పెట్టిన బైబిలు తండ్రి తరువాతి వచనములో ఏమి చేశాడో అది కూడా చేయమనండి. వీలునామా వ్రాయాలంటే సంతకము, ఇద్దరు సాక్షుల సంతకములు ఉంటే చెల్లుతుంది. మనసు బాగుండి, చేయి ఆడుతుండగానే వ్రాయాలి. తండ్రి వ్రాయకుండ పోతే, అన్నదమ్ములు ఆ వ్రేలిముద్ర కాగితము తెచ్చేవారిని గుమ్మములోనే ఆపాలి.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో యోబు 42:10–17 చదవండి. చదివిన తరువాత ఇంటిపెద్ద పిల్లలందరి పేర్లు, కొడుకులవి కూతుళ్లవి, అత్తవారింటికి వెళ్లినవారివి కూడ, గట్టిగా పలికి ప్రార్థించండి. ఏ పేరు దగ్గర మీ గొంతు తడబడుతుందో అక్కడ ఒక్క క్షణము ఆగండి. చేయవలసిన పని అక్కడ ఉంది.

ప్రభువు మీ గృహములను దీవించును గాక.